కొరియా చెల్లెకు ఒడిబియ్యం

ఈమధ్య మా చర్చి సంఘంలోని యువకులు ఇద్దరు ఇంటికొచ్చి, సభల్లో తర్జుమా చేయడం నేర్పమని అడిగారు. నాకు నవ్వొచ్చింది. ఫోను ముందు ఇంగ్లీషులో మాట్లాడితే అదే తెలుగు చేసి వినిపిస్తున్న రోజుల్లో, పళ్ళు కట్టించుకున్న ముసలాయన దగ్గర నేర్చుకునేదేముంటుంది? అయినా కుర్చీలు వేసి కూర్చోబెట్టి, టీ పెట్టి మరీ చెప్పాను. ఇంట్లో ఇంకో మనిషి గొంతు వినబడి చాలా రోజులైంది. ఎవరొచ్చినా తొందరగా వదిలిపెట్టే స్థితిలో లేను.

వాళ్ళకు చెప్పిన సూత్రాలు మీకూ చెబుతాను. ప్రసంగికుడికి అర అడుగు వెనక నిలబడాలి. ఆయన చెయ్యెత్తితే నువ్వు కాస్త తక్కువ ఎత్తాలి. ఆయన ఏడిస్తే నీ గొంతు వణకాలి గానీ కన్నీళ్ళు రాకూడదు. జనం కళ్ళలోకి చూడకూడదు, చూస్తే మాట తడబడుతుంది. నీ సొంత అభిప్రాయాన్ని ఇంట్లో పెట్టి తాళం వేసి రావాలి. మైకు పట్టుకున్నంతసేపు ‘నేను’ అంటే నువ్వు కాదు. "నేను ఘోర పాపిని" అని ఎందరి తరఫున ఎన్ని ఊళ్ళలో కేకలు వేశానో నాకే గుర్తులేదు. ఒక్కసారి కూడా అది నా గురించి కాదు.

నేను మహబూబాబాద్‌లో ఒక చిన్న మిషను సంస్థలో పగలు గుమాస్తాగా, సాయంత్రాలు తర్జుమాదారుగా పనిచేశాను. నేను ఉద్యోగంలో ఉన్న చివరి ఏళ్ళలో ఒక కొరియా కుటుంబం అక్కడికి వచ్చింది. భార్యాభర్తలు, పదేళ్ళ కూతురు. భర్త ప్రసంగికుడు, ఆయన ఇంగ్లీషును తెలుగు చేసింది నేనే. కూతుర్ని కొండల మీద ఎక్కడో హాస్టలు బడిలో వేశారు, సెలవులకు వచ్చేది. ఆ పిల్ల వెళ్ళిపోయిన రోజు తల్లి ఇంట్లో రేడియో పెద్దగా పెట్టుకునేది. పాటలు అర్థమయ్యి కాదు, చప్పుడు కోసం.

మేం వాళ్ళ ఇంటి వెనక వాటాలో కిరాయికి ఉండేవాళ్ళం. తెల్లవారకముందే ఇద్దరూ లేచి గట్టిగా ప్రార్థన చేసేవాళ్ళు. మనవాళ్ళలా ఒకరి తర్వాత ఒకరు కాదు, ఇద్దరూ ఒకేసారి, ఎవరిది వాళ్ళు. మొదటి రోజు మా ఆవిడ వాళ్ళు కొట్లాడుకుంటున్నారనుకుని నన్ను లేపింది. "పోయి ఇడిపియ్యరాదు, పాపం కొత్తగొచ్చిండ్రు" అంది. విడిపించడానికి వెళ్ళిన నేను కిటికీ దగ్గర ‘ఆమెన్’ విని తిరిగొచ్చాను.

మానుకోట మిర్చి అంటే కొరియా ఆమెకు ప్రాణం. ఊరు పేరు కాగితాల మీద మహబూబాబాదే గానీ మా నోట్లో మానుకోటే. మార్కెట్ నుంచి ఎండుమిర్చి బస్తా తెప్పించి, దంచి, క్యాబేజీ ఆకులకు పట్టించి జాడీల్లో పెట్టేది. అది పులిసిన వాసన మా వాటాదాకా వచ్చేది. మా ఆవిడ మొదట ముక్కు మూసుకుంది. తర్వాత తర్వాత జొన్నరొట్టెలోకి అదే కావాలనేది. ఇంకో అలవాటు కూడా ఉండేది ఆమెకు. అన్నం వండే ప్రతిసారీ కడగబోయే బియ్యంలోంచి పిడికెడు తీసి ఒక డబ్బాలో వేసేది, అది సంఘానికి. వాళ్ళ దేశంలో విశ్వాసులైన ఆడవాళ్ళు అలా చేస్తారట. "మా అమ్మ నా పేర గిట్లనే తీస్తది, రోజు" అని చెప్పింది ఒకసారి.

అవును, తెలుగులోనే చెప్పింది. భర్తకు తెలుగు పట్టుబడలేదు, ఆమెకు పట్టుబడింది. పట్టుబడింది కూడా మేం ప్రార్థనలకు వెళ్ళే నెల్లికుదురు ఆడవాళ్ళ తెలుగు. కోస్తా నుంచి వచ్చిన ఒక పెద్ద ప్రసంగికుడు, ఆమె "ఎట్లున్నరు, మంచిగున్నరా?" అనగానే పగలబడి నవ్వి, "ఈమెకు ఇలాంటి తెలుగు ఎవరు నేర్పారండీ?" అన్నాడు. మేమెవ్వరం నవ్వలేదు. నన్ను కూడా ఈ విషయంలో మా ఆవిడ వదిలేది కాదు. "మైకు పట్టుకుంటే నువ్వు గుంటూరోనివైతవ్, ఇంటికొస్తే ఘన్‌పూరోనివైతవ్" అనేది.

ఇంత తెలుగు వచ్చినా ఆమెతో మాట్లాడేవాళ్ళు లేరు. అదే విచిత్రం. ఏ ఇంటికి వెళ్ళినా ముందు ఒక ప్లాస్టిక్ కుర్చీ వచ్చేది. ఇల్లాలు కొంగుతో దాన్ని తుడిచి, "అమ్మగారూ, కూసోండ్రి" అనేది. ఆడవాళ్ళంతా కింద చాప మీద కూర్చునేవాళ్ళు. ఆమె ఒక్కతే పైన, చేతిలో కూల్‌డ్రింకు సీసాతో. కిందివాళ్ళు ఒకళ్ళ చెవుల్లో ఒకళ్ళు నవ్వుకుంటుంటే పైనుంచి చూసేది. ఒకరోజు నెల్లికుదురు నుంచి వస్తూ దారిలో నాతో, "అన్నా, నేను పోకముందే గా కుర్చీ జర దాచిపెట్టమని చెప్పరాదు?" అంది. చెప్పాను. కుర్చీ దాచి మంచం వేశారు, దాని మీద కొత్త దుప్పటి పరిచారు.

అసలు విషయానికి వస్తాను.

నెల్లికుదురు దగ్గర ఒక ఇంట్లో ప్రార్థనకు వెళ్ళినప్పుడు ఆ ఇంటి ఆడపిల్లకు ఒడిబియ్యం పోస్తున్నారు. ఈ సంగతి తెలియని పిల్లల కోసం చెబుతున్నాను. పెళ్ళయిన ఆడపిల్లను కొన్నేళ్ళకొకసారి తల్లిగారింటికి పిలుస్తారు. అమ్మానాన్నలో అన్నావదినెలో ఆమె ఒడిలో పసుపు కలిపిన బియ్యం, ఎండుకొబ్బరి కుడుకలు, పోకలు, ఖర్జూరాలు పోసి, చీర పెట్టి పంపుతారు. ఆమె ఆ బియ్యం అత్తగారింట్లో వండి నలుగురికీ పెడుతుంది. అంతే, ఇందులో పూజారి కూడా ఉండడు.

కొరియా ఆయన ఆ పసుపు బియ్యం చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు. ఇదేమిటని అడిగాడు. నేను నోరు తెరిచేలోపు మా సంఘపెద్ద ముందుకొచ్చి, తనకొచ్చిన నాలుగు ఇంగ్లీషు ముక్కల్లో, "పాత ఆచారమండి, పెద్దలది, నమ్ముకోకముందుది" అని చెప్పేశాడు. దొరకు నచ్చే మాట చెప్పాలని ఆయన తాపత్రయం. పెద్దలది అంటే చనిపోయిన పెద్దలకు పెట్టేదని దొర తీసుకున్నాడు. ఆ ఇంట్లో మంచినీళ్ళు కూడా తాగలేదు.

ఆ చలికాలం భూపాలపల్లిలో ఉజ్జీవ సభలు. బొగ్గుబావుల కార్మికులు, చుట్టుపక్కల పల్లెలవాళ్ళు, పెద్ద పందిరి నిండిపోయింది. ఆయన ఆ రోజు ఎత్తుకున్నదే ఒడిబియ్యం. "చచ్చినవారి బియ్యాన్ని మీ కూతుళ్ళ ఒడిలో పోయకండి" అన్నాడు. నేను అర అడుగు వెనక నిలబడి, ఆయనకంటే బాగా అన్నాను. నా గొంతు మంచిదని మీకు చెప్పానో లేదో. మైకులో అది పందిరి చివరిదాకా, పందిరి దాటి కిళ్ళీ కొట్టుదాకా వెళ్ళింది. ఆడవాళ్ళ వైపు పిల్లల ఏడుపు తప్ప చప్పుడు లేదు. మా ఆవిడ అక్కడే ముందు వరసలో కూర్చుంది. నేను సూత్రం ప్రకారం చూడలేదు.

తిరుగు ప్రయాణంలో, అడవి దారిలో, ఆయనతో చెప్పాను. "అయ్యగారూ, అది చచ్చినవాళ్ళకు కాదు, ఆడపిల్లకు" అన్నాను.

"సంఘపెద్ద అలా చెప్పలేదే" అన్నాడు.

తర్వాత తన సంగతి చెప్పాడు. వాళ్ళ ఇంట్లో ఆయన పెద్దకొడుకు. తాతల పేర బల్ల మీద అన్నం పెట్టి కొడుకులంతా సాష్టాంగపడే రోజు, ఆయన పడలేదు. యేసును నమ్ముకున్నాను, పడను అన్నాడు. తండ్రి ఆ అన్నం ముందే, "ఈ అన్నం కాదన్నవాడికి నా ఇంట్లో అన్నం లేదు" అన్నాడట. తర్వాత తండ్రి చనిపోయినప్పుడు కూడా తమ్ముళ్ళు గడప తొక్కనివ్వలేదు. "నాకు ఆ బియ్యం తెలుసు" అన్నాడు కిటికీలోంచి బయటికి చూస్తూ. ఇల్లు పోగొట్టుకున్న మనిషితో ఇంటి గురించి ఏం వాదిస్తాం?

ఇంట్లో నా పరిస్థితి వేరు. ఆ ఏడే మా ఆవిడను జనగామ నుంచి వాళ్ళన్న ఒడిబియ్యానికి పిలిచాడు. చీర కూడా కొన్నాడు. ఆమె రానని కబురు పంపింది. నాతో అవసరమైన మాట తప్ప మాట్లాడడం మానేసింది. చివరికి నేనే అడిగాను.

"నేను చెప్పిన్నా? ఆయన చెప్పిండు. నేను తెలుగు చేసిన."

"గా పందిట్ల నాకినబడ్డది నీ గొంతే" అంది. అన్నం వడ్డిస్తూనే చెప్పింది, కోపంగా కూడా కాదు. "బతుకమ్మకు పోయేది లేకపాయె, దసరాకు పోయేది లేకపాయె. నమ్ముకున్నంక అన్ని ఇడిసిపెట్టినం, మంచిదే. తల్లిగారింటికి పోనీకి గిదొక్కటి మిగిలుండె. గది గూడ తీసేసిండ్రు."

"అట్లయితే పో. ఎవలు చూస్తరు?"

"మంది చూస్తరు. మైకుల చెప్పినాయిన పెండ్లామే పోయిందంటరు. నీ మాటకు ఇలువ ఉంటదా?"

కంచంలోనే చెయ్యి కడుక్కుని లేచాను.

ఆ తర్వాత ఏడాది కొరియాలో ఆమె తల్లి చనిపోయింది. వీసా పొడిగింపు కోసం పాస్‌పోర్టులు ఆఫీసులో ఉన్నాయి. వెళ్ళడానికి లేదు. తల్లిని మట్టిచేయడం ఫోనులో చూసింది. మధ్యలో సిగ్నల్ పోయి బొమ్మ ఆగిపోయింది, మళ్ళీ వచ్చేసరికి అంతా అయిపోయి జనం తిరిగి నడుస్తున్నారు.

సంఘం ఆడవాళ్ళు పరామర్శకు వచ్చారు. ఆమె ఇంట్లో కూడా అలవాటు ప్రకారం తామంతా కింద కూర్చుని ఆమెను కుర్చీలో కూర్చోబెట్టారు. ఆమె చేతులు చూసుకుంటూ అంది: "మా అమ్మ రోజు నా పేర పిడికెడు బియ్యం తీసిపెట్టేది. ఇగ తీసేటోళ్ళు లేరు. ఇగ నాకు తల్లిగారిల్లు లేదు."

ఆ గదిలో ఉన్న ఆడవాళ్ళందరికీ ఏం చేయాలో తెలుసు. మన దగ్గర అలాంటి ఆడపిల్లకు ఎవరో ఒకరు అన్న అవుతారు, ఒడి నింపి, ఇదే నీ తల్లిగారిల్లు అంటారు. కానీ చేయకూడదని వాళ్ళకు చెప్పినవాడు అదే ఇంట్లో, పక్క గదిలో ఉన్నాడు. తెలుగు చేసినవాణ్ణి నేను తలుపు దగ్గర ఉన్నాను. ఒక్కరొక్కరే లేచి వెళ్ళిపోయారు.

వేసవిలో వీసా రాలేదని తెలిసింది. సామాను కట్టుకోవడానికి కొద్ది రోజులే గడువు. జాడీలు, రేడియో మాకిచ్చింది. మా ఆవిడ జాడీ తీసుకుని లోపల పెట్టి వచ్చి, నా ఎదురుగా నిలబడింది.

"ఆడిబిడ్డ ఉత్త ఒడితోని పోవద్దు. మన ఘన్‌పూర్ ఇంటికి తోలుకరా."

"గాయినేమంటడో?"

"గాయిన సంగతి నువ్వు చూసుకో. గన్నేండ్లు ఆయన మాట మాకు చెప్పినవ్ గద, గిప్పుడు మా మాట ఆయనకు చెప్పు."

"ఇక్కడనే పోయరాదు మరి?"

"కిరాయింట్ల తల్లిగారిల్లు ఎట్లయితదయ్యా?"

స్టేషన్ ఘన్‌పూర్‌లో మాకు రెండు గదుల సొంత ఇల్లుంది. ఇప్పుడు నేనున్నది అందులోనే. వాళ్ళు హైదరాబాద్ విమానాశ్రయానికి వెళ్ళే కారు వరంగల్ మీదుగా వస్తే దారిలోనే. భోజనం చేసి వెళ్ళండి అని మాత్రమే చెప్పాను. ఒడిబియ్యం మాట చెబితే రాడేమోనని నా భయం. మా ఆవిడ ముందురోజే వెళ్ళి ఇల్లు కడిగింది. మాకు పిల్లల్లేరు. ఒడిబియ్యం పోయడం ఆ చేతులకు అదే మొదటిసారి.

ఆయన లోపలికి రాబోతూ తాంబాళంలో పసుపు బియ్యం చూశాడు. నెల్లికుదురులో ఆగిపోయినట్టే గుమ్మంలో ఆగిపోయాడు.

"ఈ బియ్యం ఎవరికి?" అని అడిగాడు.

ఇన్నేళ్ళలో ఆయనతో నా సొంత మాట మాట్లాడింది తక్కువ. ఇంగ్లీషు నాకు వచ్చినంతలో చెప్పాను. "మీ ఆవిడకు. చచ్చినవాళ్ళెవరికీ కాదు. దూరం పోతున్న ఆడపిల్లకు, ఆకలైతే వండుకోమని. మళ్ళీ రావడానికి నీకొక ఇల్లుందని చెప్పడానికి. మీ ఇంట్లో ఆ రోజు మీకు లేదన్న అన్నం లాంటిది కాదు ఇది. ఇది ఉందని చెప్పే అన్నం."

ఆయన భార్య వైపు చూశాడు. ఆమె వాళ్ళ భాషలో ఏదో అంది, చిన్న మాట. అదేమిటో నాకు తెలియదు, ఎప్పుడూ అడగలేదు. తర్వాత ఆమె మేం వేసిన కుర్చీని పక్కకు జరిపి, మా ఆవిడ కింద వేసిన పీట మీద కూర్చుని, ఆ రోజు కట్టుకున్న చీర కొంగు పరిచింది. ఆయన చెప్పులు విప్పి లోపలికి వచ్చి, గోడకానుకుని నిలబడ్డాడు.

మా ఆవిడ ప్రార్థన చేసింది. "దేవా, బిడ్డ ఏడికి పోయినా గింజకు కరువు లేకుండ జూడు. ఎప్పటికన్న మల్ల మా గడప తొక్కేటట్టు చెయ్యి." ఇద్దరం దోసిళ్ళతో బియ్యం పోశాం. పోయాల్సినన్ని పోసి నేను చేయి దులుపుకున్నాను. మా ఆవిడ ఆపలేదు. తాంబాళం అయిపోయింది. లోపలికి వెళ్ళి చేటనిండా తెచ్చి మళ్ళీ పోస్తోంది. కొంగు బరువుకు కిందికి లాగుతోంది, గింజలు గచ్చు మీద పడుతున్నాయి. "సాలు, ఆమెకు మొయ్యరాదు" అన్నాను. వినలేదు. ఏడుస్తూ పోసింది. కొరియా ఆమె కూడా వద్దనలేదు, రెండు చేతులతో కొంగు ఎత్తి పట్టుకుంది.

చివర్లో ఆడపిల్ల కొన్ని పిడికిళ్ళు తిరిగి తల్లిగారింట్లో ఉంచాలి. మా ఆవిడ చెప్పకముందే ఆమె పిడికెడు తీసి డబ్బా కోసం చుట్టూ చూసింది. అది ఆమెకు రోజూ అలవాటైన పనే కదా. "వదినా, ఏడ పెట్టాలె?" అంది. అప్పటిదాకా అక్కా అని పిలిచేది.

కారెక్కేముందు ఆయన నన్ను పక్కకు పిలిచాడు. "నేను మానమన్నది దీన్నేనా?"

"అవును."

"అందరినీ?"

"అందరినీ."

"భూపాలపల్లిలో చెప్పు, బియ్యం విషయంలో నేను పొరబడ్డానని. నేనే నిలబడి చెప్పాల్సింది" అన్నాడు. కారు జనగామ వైపు వెళ్ళిపోయింది. అంత బియ్యం విమానంలో తీసుకుపోలేక, హైదరాబాద్‌లో దిగిన గెస్ట్‌హౌస్‌లోనే వండి, వాచ్‌మన్‌కూ ఊడ్చేవాళ్ళకూ డ్రైవరుకూ పెట్టిందని ఆమె తర్వాత ఫోనులో చెప్పింది. వండి నలుగురికీ పెట్టాలని వదిన చెప్పిందట.

ఆ వానాకాలంలో మా ఆవిడకు జ్వరం వచ్చింది. దవాఖానలో చేర్పించాను. ప్రాణంతో ఇంటికి తేలేదు. జనగామ నుంచి వాళ్ళన్న వచ్చి, తల్లిగారి తరఫున చీర కప్పాడు. మడత విప్పని చీర. ఆ ఏడు ఒడిబియ్యానికి కొన్నదేనని కప్పుతూ చెప్పాడు.

చలికాలం మళ్ళీ భూపాలపల్లి సభలు వచ్చాయి. నాకు అవే చివరివి. పక్కన ప్రసంగికుడు లేకుండా మైకు ముందు నిలబడింది కూడా అదే మొదటిసారి. కొరియా ఆయన మాట చెప్పాను. పొరబడ్డానన్నాడని, ఒడిబియ్యం పోసుకోవచ్చని చెప్పాను. ఈసారి జనం కళ్ళలోకి చూస్తూనే చెప్పాను. ఆడవాళ్ళ వైపు ఎక్కడో నవ్వు మొదలై వరసలన్నీ పాకింది.

ముందు కూర్చున్న ఒక అవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "గిప్పుడు చెప్తున్నవా నాయినా? మేమెప్పుడు మానినం? తలుపేసుకొని పోసుకుంటనే ఉన్నం" అంది.

"అందరా?"

"అందరం. నీ ముంగట చెప్తమా మరి?"

అందరితో పాటు నేనూ నవ్వాను. మైకు ఇచ్చేసి, పందిరి వెనక్కి వెళ్ళి, కుర్చీల చాటున కూర్చున్నాను. అక్కడ కూర్చున్నాక గాని నాకు అర్థం కాలేదు. ఊళ్ళకు ఊళ్ళు నా మాట పెడచెవిన పెట్టాయి. నా మాట నిలబెట్టింది మా ఆవిడ ఒక్కతే.

కొరియా నుంచి ఆమె అప్పుడప్పుడూ ఫోను చేస్తుంది. మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే: "అన్నా, నా బియ్యం ఉన్నయా?" ఉన్నాయి, వేపాకు వేసి డబ్బాలో పెట్టాను, వండలేదు అంటాను. సభల నుంచి వచ్చాక చేసిన ఫోనులో అవ్వ మాట చెప్పాను, ఆమె నవ్వుతుందని. ఆమె పెద్దగా నవ్వింది. నవ్వు ఆగాక అడిగింది.

"మరి వదిన గూడ పోసుకున్నదా?"

"వదిన తల్లిగారింటికి పోలే. వదినొక్కతే మానింది."

సిగ్నల్ పోయిందనుకుని ఫోను చెవి దగ్గర నుంచి తీసి చూశాను, పోలేదు. మెల్లగా అంది:

"గందుకేనా అన్నా, వదిన నా ఒడిల గన్ని పోసింది? గవి నాయి ఒక్కదానియి కావు. వదినయి గూడ."